మార్కుల కోసమేనా పర్యావరణం?

ఇంటి నుంచి ఫోనొస్తే ముందు వచ్చే మాట ఫీజు. తమ్ముడి ఇంజినీరింగనో, కూతురి డిగ్రీ అనో ఎండలో నిలబడి సంపాదించిన డబ్బంతా అక్కడికే పోతోంది. ఆ చదువుల్లో పర్యావరణం అని ఒక సబ్జెక్టు ఉంది. దాని సంగతి మాత్రం మనం అడగం. పాసయితే చాలనుకుంటాం. మనం చదువుకున్న రోజుల్లోనూ అంతే కదా! పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కినవాళ్లమే.

నిజానికి ఈ సబ్జెక్టు ఊరికే రాలేదు. ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ బోధనను తప్పనిసరి చేయాలని చెప్పింది. 2003లో మళ్లీ గట్టిగా గుర్తుచేసింది. డిగ్రీ విద్యార్థులందరి కోసం యూజీసీ అప్పట్లో తయారుచేసిన ఆరు నెలల సిలబస్‌లో 50 తరగతులున్నాయి. నదిని, అడవిని, కాలుష్యం ఉన్న చోటును స్వయంగా వెళ్లి చూడాలని కూడా అందులో రాశారు. కానీ చాలాచోట్ల ఆ చూడటం రికార్డు నోట్సుతోనే సరిపోతోంది. సీనియర్ రాసింది జూనియర్ కాపీ కొడతాడు, సంతకం పడుతుంది.

మనకు అసలు పాఠం సైటులో మొదలైంది. చుట్టూ ఇసుకే ఉన్న ఎడారి దేశంలో కాంక్రీటుకు ఆ ఇసుక పనికిరాదు. గాలికి దొర్లి దొర్లి రేణువులు గుండ్రంగా, సన్నగా అయిపోతాయి, పట్టు ఉండదు. అది తెలిశాకే మన మానేరు, గోదావరి ఇసుక విలువ అర్థమైంది. ఆ ఇసుకే వాన నీటిని పట్టి ఉంచి బావులకు అందిస్తుంది. అది లారీలెక్కిపోతే ఊళ్లో బోర్లు ఎండక ఏం చేస్తాయి?

సిమెంటు సంగతీ అంతే. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాని తయారీ నుంచే వస్తోంది. రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల బూడిదను కలిపి కొంత సిమెంటు తగ్గించవచ్చు. ఈ లెక్క సివిల్ విద్యార్థి చేతికి రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎండ. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా బయట పని నిషేధం. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి చూసే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాలి. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, మనిషి కూలిపోతాడు. ఇది తెలియని సూపర్‌వైజర్ చేతిలో వందమంది ప్రాణాలుంటాయి. మరి దీన్ని పాసు మార్కుల సబ్జెక్టు అందామా?

కాలేజీలు ఊరి చెరువును, ఇసుక రేవును, ఇటుక బట్టీని తరగతి గదిగా చేసుకోవాలి. బట్టీలో మధ్యాహ్నం వేడిని విద్యార్థులే కొలవాలి. మనవంతుగా ఈసారి ఫోనులో ఫీజు మాట అయ్యాక ఇంకో మాట అడుగుదాం: "పర్యావరణం క్లాసులో మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లారు?"