అడగలేని వాళ్ళ నొప్పి

అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. ఈ సామెతను మేము ఒప్పుకోం. చంటిబిడ్డ ఏనాడూ నోరు తెరిచి అడగదు. ఏడుపులో తేడాను బట్టి అది ఆకలో, కడుపునొప్పో తల్లి కనిపెడుతుంది. కానీ మన ఆసుపత్రులు, మన ప్రభుత్వాలు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా మన సంఘాలు కూడా, ఈ సామెత ప్రకారమే నడుస్తున్నాయి. నొప్పి అని చెప్పగలిగినవాళ్ళకు మందు. చెప్పలేనివాళ్ళకు ఒక ప్రార్థన, ఒక పాట, ఇంటికి వెళ్ళిపోవడం.

కర్ణాటకలో తుమకూరు జిల్లా పావగడ తాలూకా మూడు వైపులా ఆంధ్ర చుట్టుకుని ఉంటుంది. ఇళ్ళలో తెలుగు, కచేరీల్లో కన్నడం. ఆ తాలూకాలోని రాయచెర్లులో ఒక అవ్వను చూడడానికి మేము నెలరోజుల పాటు వారం వారం వెళ్ళాం. ఆమెకు క్యాన్సర్. దాని మీద పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒక పెద్దాసుపత్రి వాళ్ళు ఇక చేయగలిగింది లేదని ఇంటికి పంపారు. వాళ్ళిచ్చిన కాగితంలో నొప్పి దగ్గర "లేదు" అని రాసి ఉంది.

"ఏం నొప్పి లేదు అయ్యగారూ, గమ్మునే పండుకోనుంటుంది" అని కోడలు చెప్పేది. మేమూ నమ్మాం. నమ్మడమే కాదు, ఆదివారం ఆరాధనలో నిలబడి, ఇంత పెద్ద జబ్బులోనూ ప్రభువు ఆ తల్లికి నొప్పి తెలియకుండా శాంతినిచ్చాడని సాక్ష్యం చెప్పాం. సంఘమంతా ఆమేన్ అంది.

తర్వాతి వారం మాతో ఒక నర్సమ్మ వచ్చింది. పాలియేటివ్ కేర్‌లో, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యంలో, తర్ఫీదు పొందిన మనిషి. ఆమె అవ్వను ఏమీ అడగలేదు. "రోజూ పక్కబట్ట మార్చేటట్టే మార్చమ్మా" అని కోడలితో చెప్పి, తను అవ్వ ముఖం వైపు నిలబడి చూసింది. పక్కకు తిప్పగానే అవ్వ నుదురు ముడిపడింది. పళ్ళు బిగుసుకున్నాయి. బాగున్న చెయ్యి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. ఊపిరి ఒక్క క్షణం ఆగి, తర్వాత ఎగదన్నినట్టు వచ్చింది. "రోజూ ఇట్లే చేస్తుంది. మొండికేస్తాందని కసురుకునేదాన్ని" అంది కోడలు. అని అక్కడే కూలబడి ఏడ్చింది.

డాక్టరుతో మాట్లాడి మందు మొదలుపెట్టారు. పక్క మార్చడానికి ముందుగా మందు ఇవ్వడం అలవాటు చేశారు. కొన్ని రోజులకు ఆ చెయ్యి మంచం పట్టెను వదిలింది. అవ్వ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. కానీ బతికిన ఆ కొద్ది రోజులూ, కోడలు ఒళ్ళు తుడుస్తుంటే ఆమె ముఖంలోకి చూసేది.

పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం చెప్పకూడదని పది ఆజ్ఞల్లో ఒకటి. మేము చెప్పింది అబద్ధసాక్ష్యమే. చూడకుండా, తెలుసుకోకుండా, ఒక మనిషి ఒంటి గురించి "నొప్పి లేదు" అని దేవుని సన్నిధిలో ప్రకటించాం. ఈ వ్యాసం కోడలి మీద కాదు. రాత్రింబవళ్ళు చాకిరీ చేసిన ఆమెకు ఎలా చూడాలో ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవాళ్ళ మీదే మా ఫిర్యాదు. ఆ జాబితాలో మేమూ ఉన్నాం.

మాట రానివాళ్ళ నొప్పిని లేదనడం వైద్యానికి కొత్త కాదు. 1980ల దాకా పెద్ద పెద్ద దేశాల్లో కూడా నెలలు నిండని పసికందులకు సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. వాళ్ళకు నొప్పి అంతగా తెలియదని నమ్మేవారు. భారతదేశంలో పుట్టిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని కూలగొట్టింది. తగిన నొప్పి మందు ఇచ్చిన బిడ్డల ఒంట్లో ఒత్తిడి తక్కువ, ఆపరేషన్ తర్వాత చిక్కులూ తక్కువ అని తేలింది. బిడ్డలు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. పెద్దలకే ఆ భాష రాలేదు.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐ.ఎ.ఎస్.పి. 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు ఈ సంగతి స్పష్టంగా చేర్చింది. నొప్పిని తెలియజేసే మార్గాల్లో మాట ఒకటి మాత్రమే, చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదు అన్నది దాని సారాంశం.

మరి చెప్పలేనివాళ్ళ నొప్పిని ఎలా తెలుసుకోవాలి? దీనికి ఒక వరుస ఉంది, అదేమంత కష్టమైంది కాదు. మొదట మనిషినే అడగాలి. మాట పోయిందంటే తెలివి పోయిందని కాదు. "నొప్పి ఉంటే నా చెయ్యి నొక్కు, కళ్ళు ఆర్పు" అంటే జవాబు చెప్పగలిగేవాళ్ళు చాలామంది ఉంటారు. రెండోది, నొప్పి పుట్టించే కారణం ఉందా అని వెతకాలి: పుండు, ఎముకకు పాకిన క్యాన్సర్, పడకపుండు, మలబద్ధకం, నిండిపోయిన మూత్రాశయం. కారణం ఉంటే నొప్పి ఉందనే అనుకోవాలి. మూడోది, కళ్ళతో గమనించాలి. నాలుగోది, రోజూ దగ్గరుండేవాళ్ళను అడగాలి. "నొప్పి ఉందా" అనడం కంటే "ముందటికీ ఇప్పటికీ ఏం మారింది" అని అడిగితే మేలు. ఐదోది, అనుమానం తీరకపోతే డాక్టరు సలహాతో తగిన మందు కొద్ది మోతాదులో ఇచ్చి, ముఖం, ఒళ్ళు ఎలా మారాయో చూడాలి.

గమనించడానికి కొలబద్దలు ఉన్నాయి. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళ కోసం అమెరికాలో తయారై 2003లో ప్రచురితమైన పెయినాడ్ వాటిలో ఒకటి. అందులో చూడవలసినవి ఐదే: ఊపిరి, మూలుగు లేదా అరుపు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట పొందడం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. అయితే మంచం మీద కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే చూస్తే మోసపోతాం. తిప్పేటప్పుడు, కట్టు మార్చేటప్పుడు, తినిపించేటప్పుడు చూడాలి. ఈ అంకెకు హద్దులూ ఉన్నాయి. భయం వల్లా, దాహం వల్లా ముఖం ముడుచుకోవచ్చు. పూర్తిగా శక్తి ఉడిగినవాళ్ళకు ముఖం ముడిచే బలం కూడా ఉండకపోవచ్చు. అందుకే అంకె తీర్పు చెప్పదు. దగ్గరికెళ్ళి ఇంకా వెతకమని చెబుతుంది.

ఇక్కడ కొందరు పెద్దలు మాకు అడ్డు చెబుతారు. "ఇదంతా మీ ఊహే కదా" అంటారు. "లేదు" అని రాసింది మాత్రం ఊహ కాదా? అదీ ఊహే, పైగా కళ్ళు మూసుకుని చేసిన ఊహ. "మార్ఫిన్ ఇస్తే ప్రాణం పోతుంది" అని మరికొందరి భయం. తెలిసిన డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతూ, మలబద్ధకానికి కూడా మందు ఇస్తూ నడిపితే, నయం కాని జబ్బులో మార్ఫిన్ సురక్షితమైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ క్యాన్సర్ నొప్పికి దాన్ని సూచిస్తూనే ఉంది.

మూడో అభ్యంతరం మన ప్రసంగ వేదికల నుంచే వస్తుంది. "శ్రమ దేవుడిచ్చిన సిలువ. యేసు కూడా సిలువ దగ్గర మత్తు కలిపిన ద్రాక్షారసాన్ని వద్దన్నాడు కదా" అంటారు. వద్దన్నాడు, నిజమే. కానీ ముందు ఆయనకు ఇచ్చి చూశారు. సిలువ వేసిన సైనికులు సైతం ఇవ్వజూపారు, ఆయన తన ఇష్టంతో కాదన్నాడు. రాయచెర్లు అవ్వకు ఎవరు ఇవ్వజూపారు? ఎవరి సిలువ వాళ్ళు ఎత్తుకోమన్నాడే తప్ప, మంచంలో ఉన్న ముసలమ్మ మీద సిలువ మోపమని మన ప్రభువు ఎక్కడా చెప్పలేదు.

యెషయా 53వ అధ్యాయంలోని సేవకుడు వధకు పోయే గొర్రెపిల్లలా నోరు తెరవలేదు. నోరు తెరవలేదు కాబట్టి ఆయనకు నొప్పి లేదని ఏ కాపరైనా ప్రసంగిస్తాడా? లూకా 10లో దారి పక్కన పడి ఉన్నవాడు సగం చచ్చి ఉన్నాడు. అతను పిలిచినట్టు, అడిగినట్టు ఆ కథలో ఒక్క మాట లేదు. యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, సమరయుడూ చూశాడు. దగ్గరికి వెళ్ళి గాయాలు చూసినవాడు ఒక్కడే. హన్నా పెదవులు కదలడం చూసి, గొంతు వినబడలేదని, ఆమె తాగి ఉందని తీర్పు చెప్పినవాడు ఏలీ యాజకుడు. నోరు పెగలని వేదనను తప్పుగా చదవడంలో మన వృత్తికి పాత చరిత్రే ఉంది.

ఇప్పుడు రాయచెర్లు లాంటి ఊళ్ళలో నొప్పి ఎందుకు కాగితం మీదికి ఎక్కదో చూడండి. పావగడ తాలూకా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళలో కీళ్ళు, వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. అలాంటి ఒంటిని పక్కకు తిప్పడమే ఒక హింస. ఈ సంగతి తెలియని నర్సు క్యాన్సర్ పుండు ఒక్కదాన్నే చూస్తుంది. ఇక భాష. మాట సగం పడిపోయిన మనిషి "సలుపు" అనో "తీపు" అనో నంగిగా అంటే, తెలుగు రాని వార్డులో అది అర్థం లేని కూత కింద పోతుంది. సగం మాట ఉన్నవాళ్ళను కూడా మనమే మూగవాళ్ళను చేస్తున్నాం.

దీని కిందంతా కులం, భూమి ఉన్నాయి. పావగడ సోలార్ పార్కుకు భూములిచ్చిన ఐదు ఊళ్ళలో రాయచెర్లు ఒకటి. సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూమి ఉన్నవాళ్ళకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో ఒప్పందం మొదలైంది. అదే చేలల్లో శెనక్కాయ కలుపు తీసి బతికిన, భూమి లేని దళిత ఆడమనిషికి కౌలు లేదు. పత్రంలో ఆమె పేరు లేదు కాబట్టి ఆమెకు నష్టమూ లేదన్నారు. కేస్ షీటులోనూ ఇదే న్యాయం: చెప్పలేదు కాబట్టి నొప్పి లేదు. ఎండను యూనిట్ల లెక్కన కొలిచి అమ్మగలిగిన ప్రభుత్వానికి, ఆ పలకల పక్క ఊళ్ళో ఒక మంచం మీది నొప్పిని కొలవడం చేతకాదా?

చట్టం లేదని చెప్పడానికి వీల్లేదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల భయంతో దేశంలో మార్ఫిన్ వాడకం పడిపోయింది. అప్పట్లో ఏడాదికి 700 కిలోలు దాటి ఉన్నది 1997 నాటికి 18 కిలోలకు దిగింది. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి అనుమతులను సులభం చేసింది. ఊరి ఆరోగ్య కేంద్రాలు ఇవ్వవలసిన సేవల జాబితాలో పాలియేటివ్ కేర్ కూడా చేరింది. బెంగళూరులో కరుణాశ్రయ లాంటి హాస్పిస్‌లు క్యాన్సర్ రోగులను ఉచితంగా చూస్తున్నాయి. కానీ మంచం దిగలేని మనిషిని అంత దూరం ఎవరు మోసుకెళతారు? రాయచెర్లులో ఆ నులకమంచమే హాస్పిస్. వైద్యం అక్కడికి రావాలి.

అందుకే మేము అడుగుతున్నాం. ఆసుపత్రులు మాట రాని రోగి కాగితంలో "నొప్పి లేదు" అని రాయడం మానాలి. "చెప్పలేని స్థితి, గమనించి చూశాం, కనబడింది ఇది" అని రాయాలి. ఆశా కార్యకర్తలకు, ఇంట్లో చూసుకునేవాళ్ళకు ఆ ఐదు గుర్తులు వాళ్ళ భాషలో నేర్పాలి. తాలూకా ఆసుపత్రిలో నోటితో తీసుకునే మార్ఫిన్, అది రాయడం తెలిసిన డాక్టరు ఉండాలి.

ఇక సంఘాలకు. ప్రతి స్త్రీల సమాజం నుంచి ఇద్దరు ఈ చూపు నేర్చుకోవాలి. రోగి దర్శనానికి వెళ్ళినప్పుడు పాట తర్వాత పాడవచ్చు, ముందు పక్కబట్ట మార్చడానికి ఒక చెయ్యి వేద్దాం. అప్పుడు ఆ ముఖం చూద్దాం. చూసింది డాక్టరుకు చెబుదాం, మందు వచ్చేదాకా చెబుతూనే ఉందాం. సమాధి కార్యక్రమంలో "ఏ బాధా లేకుండా ప్రభువులో నిద్రించారు" అనే ముందు, అది మనకు నిజంగా తెలుసా అని కాపరులం ఒక్కసారి ఆగుదాం.

మాట్లాడలేనివాళ్ళ పక్షాన నోరు తెరవమని సామెతల గ్రంథం 31వ అధ్యాయం చెబుతుంది. అది ఒక తల్లి తన కొడుకైన రాజుకు నేర్పిన పాఠం. అవ్వ విషయంలో మేము నోరు తెరిచాం గానీ, ఆమె పక్షాన కాదు. వచ్చే ఆదివారం మీ సంఘంలో ఎవరి మంచం దగ్గరికైనా వెళితే, ముందు చూడండి. నోరు తర్వాత తెరవండి.