మూలకణాలు: పరిశోధనా? చికిత్సా?

2025 జూలై మాసములో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పక్షము తిరగకుండానే రెండు నిర్ణయాలు చేసినది. రెండూ డూషెన్ కండర క్షీణత అనే ఒకే వ్యాధికి సంబంధించినవి. ఆ వ్యాధికి ఉద్దేశించిన ఒక కణచికిత్సకు, చూపిన సాక్ష్యము చాలదని అనుమతి నిరాకరించడము మొదటిది. అదే వ్యాధికి 2023లో తానే అనుమతించిన జన్యుచికిత్స సరఫరాను ఆపవలసినదిగా తయారీదారులను కోరడము రెండవది. 32 లక్షల డాలర్లు వెలగల ఆ మందు పుచ్చుకున్న తరువాత, అప్పటికే నడక పోయిన ఇద్దరు బాలురు కాలేయము చెడి మరణించినారు. ఆ నెలాఖరుకు నడవగల పిల్లల విషయములో సడలింపు వచ్చినది; నవంబరులో ఆ హద్దును తీవ్రమైన హెచ్చరికతో సహా మందు వివరపత్రములోనే చేర్చినారు.

ఇంత దూరపు వార్తతో మనకేమి పని అని అడగవచ్చును. ఇటీవల నా పూర్వ విద్యార్థి ఒకడు రెండు కాగితాలు పట్టుకుని మా యింటికి వచ్చినాడు. అతని కుమారునికి తొమ్మిదేండ్లు. గోడ పట్టుకోనిదే లేవలేడు. ఒక కాగితము తెలుగులో, రంగులలో అచ్చయినది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘మూలకణ చికిత్స’ అని ఉన్నది. రెండవది సంతకము పెట్టవలసిన ఆంగ్ల పత్రము. ఈ విధానము ప్రయోగదశలో ఉన్నదనీ, ఫలితమునకు పూచీ లేదనీ దానిలో చిన్న అక్షరాలతో వ్రాసి ఉన్నది. “మాస్టారూ, ఈ రెండూ ఒకే సంగతి చెబుతున్నవా?” అని అడిగినాడు. తెలుగు పంతులును గనుక నన్ను అడిగినాడు. ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్లు చదివించినది.

డూషెన్ ఒక ఫ్రెంచి వైద్యుడు. 1860 తరువాతి దశకములో ఈ వ్యాధిని వివరముగా వర్ణించినాడు. మూడున్నర వేల నుండి అయిదు వేల మంది మగశిశువులలో సుమారు ఒకరికి ఇది వస్తుంది. మూడు నాలుగేండ్ల వరకు బిడ్డ ఆడుకుంటూనే ఉంటాడు. పిమ్మట తరచు పడతాడు, మెట్లెక్కలేడు, నేల మీద నుండి లేవవలసి వస్తే చేతులను మోకాళ్ల మీదను, తొడల మీదను ఆనించుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్లు లేస్తాడు. పన్నెండేండ్ల ప్రాయానికి నడక పోతుంది. ఆ పైన ఊపిరి పీల్చే కండరాలు, గుండె బలహీనమవుతవి.

కారణమును 1986, 87 సంవత్సరాలలో బోస్టను నగరములో లూయీ కుంకెల్ బృందము కనిపెట్టినది. కండరపు పోగులోని దారాలను పై పొరకు కట్టి ఉంచే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు ఈ బాలుర దేహములో తయారు కాదు. అది లేనందున కండరము ముడుచుకున్నప్పుడల్లా పై పొర చిరుగుతుంది. ఆ మాంసకృత్తును తయారుచేసే విధి జన్యువులో మూడేసి అక్షరాలుగా వ్రాయబడి ఉన్నది. ఇది మన వృత్తపద్యము వంటిదే. ఉత్పలమాల పాదములో ఒక అక్షరము జారిపోతే అక్కడి నుండి గణాలన్నీ తారుమారవుతవి. మూడక్షరాల గణము మొత్తముగా జారిపోతే పాదము కురుచ అవుతుంది గాని తరువాతి గణాలు చెడవు. సాధారణముగా మొదటి విధపు లోపము డూషెన్ వ్యాధిని, రెండవది బెకర్ అనే తేలిక రూపమును కలిగిస్తవి. కొత్త మందులలో కొన్ని చేసే పని కూడ, మరికొన్ని అక్షరాలను దాటించి గణాలను తిరిగి సరిపెట్టడమే.

ఇక మూలకణాలు. కండరము దెబ్బ తిన్నప్పుడు బాగుచేసే కణాలు పోగు అంచుననే అంటిపెట్టుకుని ఉన్నవని 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రజ్ఞుడు గుర్తించినాడు. ఆరోగ్యవంతుని నుండి అట్టి కణాలను తెచ్చి రోగికి ఎక్కిస్తే చాలునుగదా అన్న ఆలోచన సహజము. రక్తపు కాన్సరులో ఎముక మూలుగ మార్పిడి ఇట్లే ఫలించినది. ఆ మార్గము వేసిన డొన్నల్ థామస్ 1990లో నోబెల్ బహుమానము పొందినాడు. కాని రక్తము వేరు, కండరము వేరు. మూలుగ కణాలు నెత్తురులో పడితే తమ దారి తామే వెదుక్కుని ఎముకలను చేరుతవి. కండరములో దించిన కణాలలో అధికభాగము కొద్ది రోజులలోనే నశిస్తవి. మిగిలినవి సూది దిగిన చోటు నుండి దూరము పోవు. దేహములో ఆరువందలకు పైగా కండరాలున్నవి. గుండెకు, ఊపిరిని నడిపే కండరాలకు ఎన్ని సూదులు వేయగలరు?

ఇది ఊహ కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో పన్నెండుగురు బాలురకు ఒక చేతి కండరములో ఆరు నెలల పాటు నెలకొకసారి కణాలను ఎక్కించినారు. రెండవ చేతికి కణాలు లేని సూది వేసినారు. రెండు చేతుల బలములో తేడా కనబడలేదని 1995లో ప్రకటించినారు. రక్తనాళపు గోడలలో ఉండే మరొక రకపు కణాలతో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో కోస్సు బృందము 2006లో కుక్కలలో ఆశాజనకమైన ఫలితాలు చూపినది. తరువాత మిలాను నగరములో అయిదుగురు బాలురకు వారి సోదరుల కణాలను ధమనిద్వారా ఎక్కించినారు. ప్రమాదము పెద్దగా లేదు, ప్రయోజనమూ పెద్దగా లేదు అని 2015లో ఆ బృందమే ఒప్పుకున్నది. ఈ ఒప్పుకోలునే నేను పరిశోధన అంటాను.

నా విద్యార్థి తెచ్చిన తెలుగు కాగితములోని పద్ధతి మరొకటి. బాలుని తుంటి ఎముక నుండే మూలుగ తీసి, దానిలోని కణాలను వేరుచేసి, ఆ బాలునికే ఎక్కిస్తారట. ‘సొంత కణాలు గనుక దుష్ఫలితము లేదు’ అని దానిలో గొప్పగా చెప్పుకున్నారు. సొంత కణాలు గనుకనే వాటిలోను అదే లోపము ఉండును గదా! తాళపత్రములో తప్పు పడినప్పుడు దానికి ఎన్ని ప్రతులు తీసినా తప్పు దిద్దుకోదు. జన్యువును సవరించకుండ ఆ కణాలు డిస్ట్రోఫినును తయారుచేయలేవు.

జూలైలో నిరాకరణకు గురియైన కణచికిత్స ఇట్టిది కాదని చెప్పడము న్యాయము. దాతల గుండె నుండి తీసిన ఆ కణాలు కండరాలుగా మారవు. వాపును అణచే సంకేతాలను వెలువరిస్తవి. తమ మూడవ దశ పరీక్షలో చేతుల బలము క్షీణించడము మందగించినదని 2025 డిసెంబరులో ఆ సంస్థ ప్రకటించినది. ఆ పరీక్షలో కొందరికి మందు, కొందరికి ఉత్త ద్రవము ఇచ్చి ఫలితాలను పోల్చినారు. పోయిన నడకను తెచ్చి యిస్తామని అక్కడ ఎవరూ అచ్చువేయలేదు.

మన దేశములో ఈ విషయమున నియమము లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2007లో వెలువరించిన మార్గదర్శక సూత్రాల పేరులో మూలకణ ‘పరిశోధన’, ‘చికిత్స’ అని రెండు మాటలుండెను. 2013లో వాటిని సవరించినప్పుడు ‘చికిత్స’ అన్న మాటను పేరులో నుండి తొలగించినారు. 2017 ప్రతిలోను దానికి చోటు లేదు. కొన్ని రక్తవ్యాధులు మొదలగువాటికి చేసే మూలుగ కణాల మార్పిడి తప్ప, తక్కినదంతా అనుమతి పొందిన ప్రయోగముగానే జరగవలెనని నియమము. ప్రయోగమునకు ఒప్పుకున్న రోగి నుండి ఆ ప్రయోగపు ఖర్చు వసూలు చేయరాదనీ మండలి నీతిసూత్రాలు చెబుతున్నవి. ఒక్క మాటను తీసివేయడము చిన్న సంగతి వలె కనబడును. కాని ఆ మాటకే తండ్రి పొలము అమ్ముతున్నాడు.

ఈ బాలుర ఆయువును ఇంతవరకు పెంచినవేవి? ఇంగ్లండులోని న్యూకాసిల్ వైద్యులు 2002లో తమ రోగుల లెక్క తీసినారు. 1960 దశకములో మరణించినవారి సగటు వయస్సు 14.4 ఏండ్లు. 1990 తరువాత రాత్రివేళ శ్వాసయంత్రము అమర్చినవారి సగటు ఆయువు 25.3 ఏండ్లు. ముక్కుకు తొడిగే ఒక తొడుగు, దానికొక గాలిగొట్టము, ఒక చిన్న యంత్రము! స్టెరాయిడు మాత్రలు నడకను రెండు మూడేండ్లు నిలుపుతవి. గుండెను ఏటేటా పరీక్షించడము, కీళ్లు బిగుసుకుపోకుండ వ్యాయామము చేయించడము, ఇవన్నీ చప్పని సంగతులు. వీటికి రంగుల కాగితము ఎవరూ వేయరు.

మరొక మాట చెప్పక తప్పదు. ఇట్టి బిడ్డ పుట్టిన ఇంటిలో తల్లి దోషి అవుతుంది, లేదా మేనరికము దోషమవుతుంది. ఈ లోపము తల్లి ద్వారా వచ్చే ఎక్స్ క్రోమోజోములో ఉండును గనుక డూషెన్ వ్యాధికి మేనరికము కారణము కాదు. కండర క్షీణతలలోనే వేరే కొన్ని రకాలకు మేనరికముతో సంబంధమున్నది. సుమారు మూడవ వంతు బిడ్డలలో లోపము కొత్తగా పుట్టినదే, తల్లిలో లేదు. తక్కిన కుటుంబాలలో తల్లికి, పిన్నమ్మకు, అక్కచెల్లెండ్రకు పరీక్ష చేయించడము అవసరము. దీనిని పెండ్లిచూపులకు భయపడి దాచడము వలన మరుసటి తరములో మరొక బాలుడు ఒంటిని ఎక్కుతూ లేస్తాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జూలై నుండి, మంచము పట్టిన, చక్రాల కుర్చీకి పరిమితమైన కండర క్షీణత రోగులకు పింఛనును 5,000 రూపాయల నుండి 15,000 రూపాయలకు పెంచినది. అరుదైన వ్యాధుల జాతీయ విధానము 2021లో వచ్చినది. దాని కింద 50 లక్షల రూపాయల వరకు సహాయమున్నది, హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ఒక కేంద్రముగా గుర్తింపు పొందినవి. జీవితాంతము మందు కావలసిన వ్యాధికి 50 లక్షలు ఎన్నాళ్లు వస్తవన్నది వేరే ప్రశ్న. అయినను రంగుల కాగితము కన్న ముందు ఆ కేంద్రపు గుమ్మము తొక్కవలెను.

ఆంగ్ల పత్రమును నేను తెలుగు చేసి ఇచ్చినాను. నా విద్యార్థి మెల్లగా చదివి, ‘ప్రయోగదశ’ అన్న చోట వ్రేలు పెట్టి ఆగినాడు. “ప్రయోగమైతే, మాస్టారూ, డబ్బు నేనెందుకు కట్టవలె?” అన్నాడు. ఆ ప్రశ్ననే పత్రము వెనుక వ్రాసుకుని, వారినే అడుగుతానని వెళ్లినాడు.