పాత మోటారుకార్లు – ఇంజెక్షను సామానుల వెల

ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూనికలో సుమారు 14.7 పాళ్లు గాలి వలయునని పై తరగతుల విద్యార్థులకు మేము చెప్పుచుందుము. ఈ లెక్క నోటికి వచ్చినంత మాత్రమున బండి నడువదు. యింజను చల్లగా నున్నప్పుడొక విధముగను, వేడెక్కినప్పుడొక విధముగను, ఘాటురోడ్డు ఎక్కునప్పుడు వేరొక విధముగను పెట్రోలును కోరును. క్షణక్షణము మారు నీ అవసరమును కనిపెట్టి, పెట్రోలును కొలిచి, సన్నని తుంపరగా చిమ్ము పనిముట్లకే ఇంజెక్షను సామానులని పేరు. పాఠశాల పత్రికలో వీనిని గూర్చి వ్రాయనేల యని చదువరులు అడుగవచ్చును. కారణమును ముందుగా విన్నవించెదము.

పూర్వ విద్యార్థుల సమావేశమునకు మా శిష్యులలో నొకరు అమెరికాలోని న్యూజెర్సీనుండి వచ్చిరి. ఆయనకు 1978వ సంవత్సరపు వోల్వో కారొకటి కలదు. ఆ దేశమునకు పోయిన క్రొత్తలో తక్కువ వెలకు కొన్న బండియది. పిల్లలను బడికి దింపినదియు, భార్యను పురిటికి ఆసుపత్రికి చేర్చినదియు అదియే యగుటచే దానిని విడుచుటకు ఆయనకు మనసు రాలేదు. చలికాలపు ఉదయములందు ఆ కారు స్టార్టయియు వెంటనే ఆగిపోవుచుండెను. ఒక షెడ్డువారు చూచి, పెట్రోలును సిలిండర్లకు పంచెడి ముఖ్యభాగము చెడినదనిరి. క్రొత్తది దొరకలేదు. బాగుచేసిన పాతదానికి ఆయన ఒక నెల యింటి అద్దెకు మించిన సొమ్ము పోసిరి. అది తగిలించినను జబ్బు పోలేదు. తుదకు వృద్ధుడైన మెకానిక్కు ఒకడు ఒత్తిడి కొలుచు మీటరు పెట్టి చూచి, పెట్రోలు సరిగానే వచ్చుచున్నదని తేల్చి, గాలి పోవు రబ్బరు గొట్టమునకు అడుగువైపున నున్న చిన్న బీటను వ్రేలితో చూపెనట. ఆ గొట్టము వెల ఒకపూట భోజనపు వెల. "మాస్టరుగారూ, ముందు కొలిపించి తర్వాత కొనవలసిందండి. నేను ముందు కొన్నానండి" అని ఆయన మాతో ననిరి.

ఆ మాట విన్నది మొదలు ఈ విషయమును గూర్చి కొంత చదివియు, కొంత తెలిసినవారి నడిగియు గ్రహించితిమి. పాతకార్ల ఇంజెక్షను సామానుల వెలలు ఏటేట పెరుగుచున్నవని ఐరోపా, అమెరికాలలోని కార్లవారు మొరపెట్టుకొనుట నిజమే. గాని ఆ వెలలో లోహమునకు చెందు భాగము స్వల్పము. చేయనేర్చినవారును, పరీక్షింప నేర్చినవారును తగ్గిపోవుటవలన కలిగిన నష్టమే అక్కడ సొమ్ము రూపమున చెల్లింపబడుచున్నదని మా అభిప్రాయము.

ఈ సామానుల చరిత్రము చిన్నది. జర్మనీలోని బాష్ కంపెనీవారు డీసెలు యింజనులకు ఇంజెక్షను పంపులను 1927లో విరివిగా చేయ నారంభించిరి. అట్టి పంపునే పెట్రోలునకు తగునట్లు మార్చి, 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారునందు అమర్చిరి. తలుపులు రెక్కలవలె పైకి లేచు ఆ కార్లు 1,400 మాత్రమే చేయబడినవి. పిమ్మట వచ్చిన టాపు తెరచు రకము 1,858 మాత్రమే. అమెరికాలో షెవ్రొలే కంపెనీవారు 1957లో తమ కార్వెట్ కారునకు కోరినవారికి రాచెస్టరు ఇంజెక్షనును 484 డాలర్ల అదనపు వెలకు అమర్చి యిచ్చిరి. నేడు బాగుచేసిన ఆ పరికర మొక్కటియే పదివేల డాలర్ల ప్రాంతమునను, అంతకు మించియు పలుకుచున్నది.

ఇవి ధనికుల బండ్లు. సామాన్యుల కార్లలోనికి ఈ పద్ధతి తరువాత దిగినది. 1967లో బాష్ వారి డి-జెట్రానిక్ అను విద్యుత్పద్ధతి వోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చెను. అమెరికాలో 1970లో వాయుశుద్ధి చట్టము గట్టిపడగా, పొగను తగ్గించు ఉపాయముగా దీనికి ఆదరణ హెచ్చెను. 1973లో వచ్చిన కె-జెట్రానిక్ పద్ధతిని పోర్షె 911, వోల్వో 240, మెర్సిడెస్ 280 ఇ, వోక్స్‌వాగన్ గోల్ఫ్ జి.టి.ఐ. మొదలగు కార్లలో వాడిరి.

కె-జెట్రానిక్ పనిచేయు తీరు మా విద్యార్థులు గ్రహింపదగినది. యింజను గాలిని పీల్చుకొన్నప్పుడు ఆ గాలి ఒక గుండ్రని రేకును లేపును. రేకు ఒక మీటద్వారా సన్నని ఉక్కుకడ్డీని పైకి నెట్టును. కడ్డీ జరిగిన కొలది సన్నని చీలికలు తెరచుకొని, ఒక్కొక్క సిలిండరునకు పెట్రోలు పోవును. ఆ చీలిక వెడల్పు మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు. రేకును దాటిన పిమ్మట గొట్టములో ఎక్కడ బీట యున్నను, లెక్కకు రాని గాలి దూరి పాళ్లు తప్పును. మా శిష్యుని కారునకు పట్టిన జబ్బు ఇదియే. డి-జెట్రానిక్‌లో గాలి ఒత్తిడిని కనిపెట్టు డబ్బీ యొకటి కలదు. దానిలోని రాగి కలిసిన పలుచని రేకు ఏండ్ల తరబడి కదలి కదలి చిట్లును. డబ్బీని విప్పి, రేకును మార్చి, మరల సరిదిద్ది యిచ్చు పనివారు కొందరు కలరు. వారి చేతులమీదనే ఆ కార్లు నడుచుచున్నవి.

వెలలు పెరుగుటకు కారణములు పెక్కు. మొదటిది, సంఖ్య తగ్గుట. లక్ష సామానులు చేయునప్పుడు అచ్చులకు, యంత్రములకు పెట్టిన పెట్టుబడి లక్షకు పంచబడును. రెండువందలే చేయవలసివచ్చినప్పుడు ఆ భారమంతయు రెండువందలమీద పడును. ఇందులో ఎవరి దోషమును లేదు. రెండవది, పెట్రోలు మారుట. పెట్రోలులో ఎథనాలు కలుపుట పెక్కు దేశములలో నియమమైనది. బ్రిటనులో 2021 సెప్టెంబరునుండి పదిపాళ్లు కలిపిన పెట్రోలే సాధారణమైనది. మన దేశమున 2025 నాటికి నూటికి ఇరువది పాళ్లు కలిపిరి. ఎథనాలు చెరకు మొదలగు పంటలనుండి వచ్చునది కనుక దానివలన ప్రయోజనములు కలవు. గాని అది నీటిని పీల్చుకొను స్వభావము గలది. పాతకాలపు రబ్బరు ఉంగరములను, గొట్టములను మెత్తబరచి చెరచును. నెలల తరబడి కదలక నిలిచిన కారులో ఆ నీరు ఉక్కుకడ్డీకి తుప్పు పట్టించును. మూడవది, కార్ల వెలలే పెరుగుట. కారు వెల పెరిగిన కొలది సామాను అమ్మువాడును హెచ్చు అడుగును. కొందరు అవసరము లేకున్నను కొని బీరువాలో దాచుకొందురు. అట్లు దాచిన ప్రతి సామానును నడుచుచున్న ఒక కారునకు కొరతయే.

ఇంజెక్షను తీసివేసి కార్బురేటరు పెట్టుకొన్న సరిపోవును గదా యని కొందరందురు. కొందరట్లే చేయుచున్నారు. అయితే జర్మనీలో ముప్పది యేండ్లు దాటిన కార్లకు 1997నుండి ఇచ్చుచున్న ప్రత్యేకపు నంబరునకు కారు తన పూర్వరూపముననే యుండవలయును. మన దేశమునను 2021లో చేసిన నియమముల ప్రకారము, ఏబది యేండ్లు దాటి, మూలరూపమున కాపాడబడిన బండ్లకే వింటేజి గుర్తింపు కలదు. కావున మార్చినవారికి చిక్కులు కలుగవచ్చును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఆ పద్ధతిని తీసి పారవేసిన యెడల, అది యెట్లు పనిచేసెనో కన్నులార చూచి నేర్చుకొను వీలు రాబోవు వారికి పోవును.

పాతకార్లు ధనికుల ఆటవస్తువులు. వాని సామానుల వెల పెరిగిన మనకేమి యని తల్లిదండ్రులలో కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే మా శిష్యుడు ధనికుడు గాడు. ఆ వోల్వో అతని కుటుంబపు బండి. అదియునుగాక, మన యిండ్ల వాకిళ్లలోనే ఈ ప్రశ్న నిలిచియున్నది. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున బి.ఎస్.-6 పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. వానిని పాటించుటకై మోటారుసైకిళ్లలో సయితము కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చెను. మా విద్యార్థుల తండ్రులు పాలు, కూరగాయలు వేసికొని తిరుగు బండ్లలో నేడు నాజిల్, పంపు, సెన్సారు, వానిని నడుపు విద్యుత్పేటిక యున్నవి. ఇరువది యేండ్లకు కంపెనీవారు ఆ పేటికను చేయుట మానిన యెడల, యింజను గట్టిగా నున్నను బండి పాత ఇనుము క్రింద అమ్ముడుపోవలసినదేనా? అమెరికాలో నేడు పాతకార్లవారు పడుచున్న బాధ రేపు మన బాధ కానున్నది.

మన ప్రాంతమున ఈ విద్య లేకపోలేదు. 1951లో బెంగుళూరున స్థాపింపబడిన మైకో కంపెనీవారు డీసెలు ఇంజెక్షను పంపులను మన దేశముననే చేయుచు వచ్చిరి. ఆ కంపెనీ పేరు 2008లో బాష్ అని మారినను మెకానిక్కులు నేటికిని "మైకో పంపు" అనియే అందురు. లారీలు, ట్రాక్టర్లు, డీసెలు అంబాసిడర్లు ఈ జాతి పంపులమీదనే నడిచినవి. విజయవాడ ఆటోనగరులో పంపులు బాగుచేయు దుకాణమునకు మేము పదవ తరగతి విద్యార్థులను తీసికొనిపోయితిమి. ఆ దుకాణమువారు మా విద్యార్థిని యొకతె తండ్రిగారు. ఆయన పంపును బల్లమీద బిగించి తిప్పగా, ఒక్కొక్క గొట్టమునుండి వచ్చు నూనె గీతలు గీసిన గాజుగొట్టములలో పడుచుండెను. అన్నిటిలో మట్టము సమముగా వచ్చువరకు ఆయన సరిచేయుచు పోయిరి. ఒక విద్యార్థి "క్రొత్త పంపే వేసేస్తే పోదా అండీ?" అని అడిగెను. ఆయన నవ్వి, "ఎలిమెంటు అరిగింది బాబూ, పంపు అరగలేదు. అరిగిందే మార్చాలి" అనిరి. ఎలిమెంటు అనగా పంపులోని కడ్డీయు, అది యాడు గొట్టమును. ఈ రెంటిని జతగా అరగదీసి కూర్చుదురు కనుక ఒక జతలోని కడ్డీ వేరొక జతకు పనికిరాదు. మా తరగతిగదిలో ఒక నెల చెప్పినను రాని పాఠము ఆ పూటలో విద్యార్థులకు పట్టుబడెను.

అయితే ఆయన మాతో వేరొక మాటయు ననిరి. ఆ పని నేర్చుకొనుటకు పిల్లలు వచ్చుట లేదట. వచ్చినవారు ఆరు నెలలకే సామాను మార్చు షెడ్డులలో చేరుచున్నారట. నేర్చుటకు కాలము హెచ్చు, మొదట జీతము తక్కువ. ఈ స్థితికి ఉపాధ్యాయులమైన మేమును కొంత బాధ్యులము. మార్కులు తక్కువ వచ్చిన వానిని చూచి "నీవు మెకానిక్కు పనికే తగుదువు" అని గద్దించు వాడుక మన బడులలో కలదు. మేమును ఆ మాట అనియున్నాము. ఆ గాజుగొట్టములను చూచిన పిమ్మట ఆ మాట మరల మా నోట రాలేదు.

ఇక చేయదగిన దేమి? కంపెనీలవారు తాము చేసిన సామానులను ఎల్లకాలము చేయుచుండవలెనని కోరుట సబబు గాదు. బాష్ వారును, మెర్సిడెస్ వారును పాతకార్లకై ప్రత్యేక శాఖలు పెట్టి కొన్ని సామానులను బాగుచేసి యిచ్చుట మెచ్చదగినది. గాని తాము చేయుట మానిన వాని నమూనా పటములను, పరీక్షింపవలసిన కొలతలను దాచియుంచక ప్రకటించిన యెడల చిన్న కర్మశాలలవారు వానిని చేయగలరు, సరిదిద్దగలరు. తాము అమ్మని వస్తువును ఇతరులు బాగుచేసినందున వారికి కలుగు నష్టమేమియు లేదు. కొలతలు బాహాటమైనప్పుడు, చూచుటకు క్రొత్తగా నుండి లోపల కొలత తప్పిన దొంగ సామానును పట్టుకొనుటయు సులభమగును.

బండిగలవారు చేయవలసినది మూడు మాటలలో చెప్పవచ్చును. కొనుటకు ముందు కొలిపించవలెను. చెడిన సామానును పారవేయక దాచవలెను. ఏలయనగా బాగుచేయువానికి ఆ పాత డొక్కే ముడిసరకు. బండిని నిలువ యుంచక అప్పుడప్పుడు నడుపుచు, రబ్బరు గొట్టములను కాలము తప్పక మార్పించవలెను. బాగుచేయువాని కూలిని తగ్గింపుమని మాత్రము మేము చెప్పము. అతని కూలి పెరుగుటవలన వెల పెరిగిన యెడల అది మంచి పెరుగుదలయే. అట్టి కూలి దొరకునని తెలిసిననాడే పిల్లలు ఆ పని నేర్తురు.

విద్యార్థులారా, మీలో కొందరు ఇంజనీర్లు కాగలరు, కొందరు షెడ్డులలో పనిచేయగలరు. ఎచ్చట నున్నను, చెడిన వస్తువు చేతికి వచ్చినప్పుడు మొదట దాని నేమి మార్చవలెనని గాక, ఏమి చెడినదని అడుగుడు. వచ్చే విద్యాసంవత్సరమున శనివారము సాయంకాలములందు ఒక పాత మోటారుసైకిలు యింజనును విప్పి కూర్చు తరగతిని మన పాఠశాలలో నడుపవలెనని తలంచుచున్నాము. ఆటోనగరు పెద్దమనిషిగారు నెలకొకసారి వచ్చి చూపుటకు అంగీకరించిరి. విరిగిన పంపులు, నాజిళ్లు, పాత కార్బురేటర్లు ఇంటిలో మూలబడియున్న తల్లిదండ్రులు వానిని పాత ఇనుము వానికి తూచి వేయక మాకు పంపవలెనని కోరుచున్నాము.