కొండకి సెకండ్ షో లేదు!

పాపికొండలు ఎవరికి తెలియవు చెప్పండి! 1973లో బాపుగారు 'అందాల రాముడు'లో అక్కినేనిని లాంచీ ఎక్కించారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'తో మళ్ళీ ఆ నీళ్ళ మీదే తిప్పారు. అయితే లాంచీలోంచి చూసిన కొండ వేరు, కాళ్ళతో ఎక్కిన కొండ వేరండోయ్!

2008లో నేషనల్ పార్కు అయిన ఆ అడవిలో మొన్న సెలవు రోజున నడిచాను. గండిపోచమ్మ దగ్గర లాంచీ ఎక్కి, అటవీశాఖవారి అనుమతితో, ఓ కొండరెడ్డి పెద్దాయన వెంట బయల్దేరాను. మొదట హీరోనే, అరగంటకి కమెడియన్నయ్యాను! చెప్పు జారి చతికిలబడితే ఆయన నవ్వి వెదురు కర్ర చేతికిచ్చాడు.

"కొండని తొందరపెట్టకూడదు బాబూ!"

పైనుంచి చూస్తే నన్ను దించిన లాంచీ అగ్గిపెట్టంత ఉంది. "అదిగో మా ఊరు" అని ఆయన ఒడ్డుకేసి వేలు చూపించాడు. పోలవరం జలాశయం నిండితే ఆ ఒడ్డు నీళ్ళ కిందికి పోతుంది. ఎన్నిసార్లు తెర మీద చూశానో ఈ కొండల్ని! ఆ ఊరి పేరు మాత్రం ఆ రోజే విన్నాను.

కుర్రకారుకి ఒక్క మాట. ఈసారి వెళితే లాంచీలో పాటలకి గెంతేసి తిరిగొచ్చెయ్యకండి. ఒక్క పూట దిగి నడవండి. సినిమా అయితే మళ్ళీ చూడొచ్చు. ఆ ఒడ్డుకి సెకండ్ షో లేదు!