ఐడిల్ స్క్రూ తిప్పితే రిపేరా?

సిగ్నల్ దగ్గర ఆగిన కారు వణుకుతూ, ఐడిలింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటే మన షెడ్లలో ముందుగా అందుకునేది స్క్రూడ్రైవరే. ఐడిల్ స్క్రూ కాస్త బిగించి ‘అయిపోయింది సార్’ అంటారు. అయిపోయేది పెట్రోలు! పాత మారుతి 800 లాంటి కార్బురేటర్ బండ్లలో గాస్కెట్ సందులోంచి గాలి లోపలికి దూరితే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడుతుంది. ఆ దారి మూయకుండా స్క్రూ ఎంత తిప్పి ఏం లాభం? ఇంజన్ నడుస్తుండగా చెవిపెట్టి వింటే సన్నగా బుసకొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఇంజన్ వేడెక్కక ముందే, దగ్గర్లో నిప్పురవ్వ లేకుండా చూసుకుని, అనుమానమున్న చోట కార్బ్ క్లీనర్ కొద్దిగా చల్లితే ఆర్‌పీఎం మారి గుట్టు బయటపడుతుంది. గాస్కెట్ మార్చినా లీకు ఆగలేదంటే దాన్ని బిగించి ఉంచే స్టడ్ విరిగిందేమో చూడాలి. అల్యూమినియంలో బిగుసుకుపోయిన ఆ మొండి ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, వేడి తగ్గాక నూనె వేసి, ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదుపుతూ తీయడమే నా లెక్కలో మేలు. విరిగిన ముక్కను తిప్పి తీసే ఈజీ అవుట్ జోలికి తొందరపడి పోవద్దు, అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కొరకలేదు. కొత్త స్టడ్ వేశాక నట్లు టార్క్ రెంచితో బిగించమని అడగండి. ‘చేతికి తెలుస్తుంది సార్’ అని నవ్వితే వేరే షెడ్డు చూసుకోండి.