పట్టభద్రులకు నాటకం ఎందుకు?

చదువుకున్నవాళ్ళకు మూఢనమ్మకాలు ఉండవు అనేది మన హేతువాదుల్లో చాలామందికి ఉన్న ఒక మూఢనమ్మకం.

ఈ మాట కొందరు మిత్రులకు కష్టం కలిగించవచ్చు. కానీ సూరత్‌లో ఉంటూ నేను చూస్తున్నది ఇదే. బి.కాం. పాసైన కుర్రాడు కొత్త మగ్గానికి నిమ్మకాయ కట్టందే స్విచ్ వెయ్యడు. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయికి వచ్చిన సంబంధం జాతకం కుదరలేదని తప్పిపోతుంది. ఆ జాతకం ఇప్పుడు కంప్యూటర్‌లో చూస్తున్నారు. కంప్యూటర్‌లో చూశారు కాబట్టి అది సైన్సు అయిపోయింది! పట్టా వచ్చింది, ప్రశ్న మాత్రం రాలేదు.

సూరత్ తెలుగువాళ్ళ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల్లో చేనేత బతుకు సాగక పద్మశాలీలు షోలాపూర్, భివండీ, సూరత్ దారి పట్టారు. ఇక్కడ లింబాయత్, ఉధనా వైపు వెళితే సందుసందునా తెలుగు వినపడుతుంది. మనవాళ్ళు సాంచాలు అనే మరమగ్గాల మీద పగలూ రాత్రీ షిఫ్టులు చేసి పిల్లల్ని చదివించారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. తాత మగ్గం నేశాడు, తండ్రి సాంచా నడిపాడు, మనవడు డిగ్రీ పుచ్చుకున్నాడు. ఇది చిన్న విజయం కాదు.

మరి డిగ్రీ పుచ్చుకున్న ఆ మనవడికి మన సంఘాలు ఏమిస్తున్నాయి? మార్కండేయ జయంతి, వినాయక చవితి, బతుకమ్మ, వనభోజనాలు, ప్రతిభా పురస్కారాలు. బతుకమ్మ మీద నాకు కోపం లేదు. ఆడవాళ్ళు పది గడపలు దాటి వచ్చి ఒకచోట చేరి పాడుకునే పండగ అది, బతకాలి. నేను అడిగేది వేరు. ఈ మొత్తం జాబితాలో ఒక యువకుడు లేచి నిలబడి "ఇది ఎందుకు?" అని అడగగలిగిన కార్యక్రమం ఒక్కటన్నా ఉందా? పదో తరగతిలో మార్కులొస్తే శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు. ఆ తర్వాత సంఘానికి అతను గుర్తొచ్చేది చందా అడగడానికి, లేకపోతే సంబంధం చెప్పడానికి.

ఇక్కడి ఒక సంఘం పెద్దలను నేను రెండు గంటల సమయం అడిగాను. ఒక తెలుగు నాటకం చదువుదాం, తర్వాత పిల్లలతో చర్చ పెడదాం అన్నాను. "నాటకాలు ఎవరు చూస్తారండీ ఈ రోజుల్లో? పిల్లలకు పనికొచ్చేది ఏదైనా పెట్టండి" అన్నారు. వారి దృష్టిలో పనికొచ్చేది అంటే వ్యక్తిత్వ వికాసం. అంటే ఒకాయన సూటు వేసుకుని వచ్చి, భగవద్గీతనూ క్వాంటం సిద్ధాంతాన్నీ ఒకే వాక్యంలో కలిపి, కలలు కనమని చెప్పి, కవరు పుచ్చుకుని వెళ్ళిపోవడం. దానికి రెండు గంటలు ఉంటాయి. నాటకానికి సన్మానాలయ్యాక పది నిమిషాలు ఇస్తామన్నారు.

"నాటకాలు ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే సూరత్ వీధుల్లోకి వెళ్ళాలి. ఈ ఊళ్ళో నాటకానికి లోటేముంది? సన్యాస దీక్షలకు అలంకరించిన రథాలతో ఊరేగింపులు తీస్తారు. కథా సప్తాహాలకు మైదానాలు సరిపోవు. వేదిక, దీపాలు, సంగీతం, ఎక్కడ గొంతు వణకాలో తెలిసిన కథకుడు, ఎక్కడ ఏడవాలో తెలిసిన ప్రేక్షకుడు. రంగస్థలం విలువ మతానికి బాగా తెలుసు. తెలియనిది మనకే. వాళ్ళు వేదిక మొత్తం ఆక్రమించుకున్నాక మనం కింద నిలబడి కరపత్రాలు పంచుతున్నాం.

ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది. 1844లో ఇదే సూరత్‌లో దుర్గారాం మెహతా అనే బడిపంతులు, దాదోబా పాండురంగ్ మొదలైన మిత్రులతో కలిసి మానవ ధర్మ సభ పెట్టాడు. కులాన్నీ మంత్రతంత్రాలనూ బహిరంగ సభల్లో ప్రశ్నించారు. మంత్రగాళ్ళను దమ్ముంటే నిరూపించమని సవాలు చేశారు. డాక్టర్ కోవూర్ సవాళ్ళకు నూరేళ్ళకు పైగా ముందు మాట ఇది! 1849లో దలపత్‌రాం దయ్యాల నమ్మకాల మీద 'భూత నిబంధ్' రాశాడు. సూరత్‌లో పుట్టిన నర్మద్ 1860లో ముంబయిలో జదునాథ్‌జీ మహారాజుతో వితంతు వివాహం మీద బహిరంగంగా వాదానికి దిగాడు. ఆ మహారాజు గుట్టు పత్రికలో బయటపెట్టిన కర్సన్‌దాస్ మూల్జీ మీద పరువు నష్టం దావా పడింది. 1862లో కర్సన్‌దాసే గెలిచాడు. ఆ కేసు ఆధారంగా తీసిన 'మహారాజ్' సినిమా 2024 జూన్‌లో రావలసి ఉంటే, మనోభావాలు దెబ్బతింటాయని కోర్టుకు వెళ్ళారు. గుజరాత్ హైకోర్టు విడుదలను కొద్ది రోజులు ఆపి, చూసిన తర్వాత అనుమతించింది. నూట అరవై ఏళ్ళ కిందట కోర్టులో తేలిపోయిన విషయానికి కూడా మనోభావాలు దెబ్బతింటున్నాయి!

1967లో పుట్టిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి 2004లో నర్మద్ పేరు పెట్టారు. అక్కడ పట్టా పుచ్చుకుంటున్న మన పిల్లల్లో ఎంతమందికి ఆ నర్మద్ ఎవరితో ఎందుకు పోట్లాడాడో తెలుసు? అదే నర్మద్ చివరి రోజుల్లో సంస్కరణ మీద నమ్మకం పోయి సంప్రదాయం వైపు తిరిగాడు. అది దాచిపెట్టవలసిన సంగతి కాదు. అంత ధైర్యవంతుడు ఎందుకు వెనక్కి తిరిగాడు అన్నది ఇరవై రెండేళ్ళ యువకులు కూర్చుని మాట్లాడుకోవలసిన ప్రశ్న. ఎందుకంటే కాలేజీలో విప్లవాలు మాట్లాడి పెళ్ళినాటికి మెత్తబడేవాళ్ళు మన చుట్టూ కొల్లలు.

ఇక మన హేతువాద మిత్రుల అభ్యంతరం. "సైన్సు చెబితే చాలు. నాటకం అంటే ఉద్వేగం. ఉద్వేగమే కదా మన శత్రువు?" అంటారు. ఈ వాదన చూడటానికి బాగుంది కానీ నిలవదు. గురజాడ కన్యాశుల్కం తొలి ముద్రణ పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా రాయిస్తే 1034 తేలాయి. అంటే గణాంకాలు అప్పుడే ఉన్నాయి. ఆ గణాంకాలు ఎవరిని కదిలించాయి? 1892లో రంగం మీదికి వచ్చిన నాటకం కదిలించింది. నాటకం వల్లే ఆ దురాచారం పోయిందని నేను అనడం లేదు. ఆ 1034 అన్న అంకె మనలో చాలామందికి తెలిసిందే నాటకం పుణ్యమా అని, అంటున్నాను.

ఇంకో సంగతి. ఆ నాటకంలో దయ్యాన్ని సీసాలో బంధించే పూజారి గవరయ్య ఒక్కడే మోసగాడు కాదు. గిరీశం చదువుకున్నవాడు. ఇంగ్లీషు దంచుతాడు, సంస్కరణ మీద లెక్చర్లు ఇస్తాడు. చదువును చొక్కాలా తొడుక్కున్నవాడు. మన పట్టభద్రులకు ఇంతకన్నా మంచి అద్దం ఎక్కడ దొరుకుతుంది? సైన్సు పుస్తకం గవరయ్య పని పడుతుంది. గిరీశం పని పట్టడానికి నాటకం కావాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు కళాజాతాలు ఊరూరా తిరిగాయి. ఆ ఉద్యమంలో అక్షరాలు దిద్దిన దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అక్షరం రానివాళ్ళ దగ్గరికి మనం పాటతో, ఆటతో వెళ్ళాం, గెలిచాం. అక్షరం వచ్చినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కరపత్రంతో సరిపెడుతున్నాం. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' ఉంది. నార్ల 'జాబాలి' (1974), 'సీతజోస్యం' (1979) ఉన్నాయి. వాటిని అచ్చు వేసుకుంటాం, అల్మారాలో పెట్టుకుంటాం. నాటకాన్ని అల్మారాలో పెట్టడం అంటే వంటకాన్ని ఫొటో తీసి గోడకు తగిలించడమే.

ఉపన్యాసంలో ఎదుటివాడి వాదన మన నోటి నుంచే వస్తుంది, కాబట్టి ఎప్పుడూ ఓడిపోతుంది. నాటకంలో ఎదుటివాడికి కూడా మంచి మాటలు ఇవ్వాలి. రామప్పంతులు పాత్ర చదివేవాడు రామప్పంతులు తరఫున నమ్మకంగా మాట్లాడాలి. గైడు పుస్తకాల్లో జవాబులు బట్టీ పట్టి పాసైన కుర్రాడికి ఇది కొత్త విద్య.

అసలు పోరాటం జరిగేది సభల్లో కాదు, ఇంట్లో. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకు అతనికి పెళ్ళి, కట్నం, కులం, జాతకం, దుకాణం ముహూర్తం అన్నీ వరసగా వచ్చి మీద పడతాయి. "నేను కట్నం తీసుకోను" అనే మాట తండ్రి ముందు అనాలి. సూరత్ కుర్రాడికి బజారులో హిందీ, వీధిలో గుజరాతీ, పరీక్షలో ఇంగ్లీషు వచ్చు. ఈ ఒక్క మాట మాత్రం తెలుగులోనే అనాలి, తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో. ఎన్నడూ అనని మాట మొదటిసారే పెద్దల మధ్య అనాలంటే నోరు పెగలదు. ముందు ఎక్కడో అని చూసుకోవాలి. ఆడపిల్లలకైతే ఈ అవసరం ఇంకా ఎక్కువ.

2024 ఆగస్టులో గుజరాత్ శాసనసభ నరబలి, చేతబడి వంటి అమానుష ఆచారాల మీద చట్టం చేసింది. సంతోషమే. కానీ చట్టం దెబ్బ తగిలిన తర్వాత వస్తుంది. చేతబడి, బాణామతి భయాలు మనవాళ్ళ మూటల్లోనే ఊళ్ళ నుంచి ఇక్కడికి వచ్చాయి. వాటిని ముందే వదిలించడం పోలీసుల పని కాదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. నెలకు ఒక ఆదివారం, రెండు గంటలు. బడిలో ఒక గది చాలు. రంగులు, తెరలు, వేషాలు అక్కర్లేదు. ఐదారుగురు పుస్తకం పట్టుకుని పాత్రలు పంచుకుని గట్టిగా చదవాలి. ఒక గంట చదువు, ఒక గంట వాదన. జ్యోతి ప్రజ్వలన లేదు, ప్రార్థనా గీతం లేదు, శాలువాలు లేవు, ముఖ్య అతిథి అసలే లేడు. రెండో నెల ఒక గుజరాతీ మిత్రుణ్ణి పిలిచి, కుదరని పెళ్ళి కష్టాల మీద రణఛోడ్‌భాయ్ ఉదయరామ్ 1866లో రాసిన 'లలితా దుఃఖదర్శక్' గురించి చెప్పించుకోవాలి. మూడో నెల మరాఠీ మిత్రులు విజయ్ టెండూల్కర్ 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే' చదివి వినిపిస్తారు. లింబాయత్‌లో మరాఠీవాళ్ళ గోడ పక్కనే తెలుగువాళ్ళ గోడ. ఇన్నేళ్ళుగా వాళ్ళ పండగ మైకు మనం విన్నాం, మన మైకు వాళ్ళు విన్నారు. ఒకరి నాటకం ఒకరు వినలేదు.

నాటకం చదివి ఎవరూ తెల్లారేసరికి నాస్తికులు కారు. కానక్కర్లేదు. ఎదుటివాడు చెప్పింది పూర్తిగా విని, "ఆధారం ఏమిటి?" అని మర్యాదగా అడగడం వస్తే చాలు. పది మంది వస్తే పది మందితోనే మొదలుపెడదాం. మొదటి పుస్తకం కన్యాశుల్కం. ప్రతులు జిరాక్సు తీయించడం, టీ పెట్టించడం నా పని. గిరీశం పాత్ర ఎవరు చదువుతారో మాత్రం మీరే తేల్చుకోండి. పోటీ గట్టిగా ఉంటుందని నా అనుమానం.