గులాబీ రంగు కావాలంటే నైలాన్‌తోనే సరిపెట్టుకోవాలా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి చైతన్యపురి వైపు నడుస్తూ, దారిలో కనబడ్డ ఏ చీరల షాపులోకైనా వెళ్ళండి. "పట్టులో గులాబీ రంగు చూపించు బాబూ" అంటే చాలు, లేత గులాబీ నుంచి రాణీ కలర్ దాకా పది చీరలు మన ముందు పరిచేస్తారు. అలా కాకుండా ఆ అబ్బాయి, "గులాబీ రంగు నైలాన్‌లోనే వస్తుందమ్మా, పట్టు కావాలంటే నలుపు ఒక్కటే" అన్నాడనుకోండి. ఊరుకుంటామా? ఓనర్‌ని పిలిపించి మరీ నాలుగు దులిపి వస్తాం.

కెమెరాల దగ్గర మాత్రం మనకి ఏళ్ళ తరబడి సరిగ్గా ఇదే మాట చెబుతున్నారు. మనమూ తలూపి వచ్చేస్తున్నాం.

ఇప్పుడెందుకు ఈ గొడవ అంటారా? మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. మహావీర్ హరిణ వనస్థలిలో జింకల్ని, నెమళ్ళని ఫొటోలు తీయాలని దాని కోరిక. ట్యూషన్లు చెప్పి కొంత కూడబెట్టుకుంది, మిగతాది నేను వేస్తానన్నాను. ఎల్‌బీ నగర్ వైపు ఒక షాపుకి వెళ్ళాం. తోడుగా మా మేనల్లుడు వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు, వాడికి కెమెరా అంటే ఫోనే. ఆ షాపతను ఏం చేశాడో తెలుసా? మా పిల్ల ముందు రంగురంగుల చిన్న కెమెరాలు పెట్టాడు. బరువైన నల్ల కెమెరా తీసి మా మేనల్లుడి చేతిలో పెట్టి, "పట్టుకుని చూడు బాబూ" అన్నాడు. డబ్బులిచ్చేది ఎవరో, వాడుకునేది ఎవరో ఒక్క మాటైనా అడగలేదు.

మా అమ్మాయి ఆ నల్లదాన్ని అందుకుని, అన్నీ తిప్పి చూసి, "బాగుంది. ఇది ఎరుపులో వస్తుందా?" అంది. అతను నవ్వాడు. "రంగులు కావాలంటే ఆ అరలో చూడండి మేడమ్. ఇవి సీరియస్ కెమెరాలు."

అప్పటిదాకా గలగలా ప్రశ్నలు వేసిన పిల్ల ఇక నోరెత్తలేదు. ఇంటికొచ్చాక మా వారు కూడా, "రంగుతో పనేముంది? వచ్చే ఫొటోలో రంగులు బాగుంటే చాలదా?" అన్నారు. మాట వినడానికి బాగానే ఉంది. కానీ రంగు మీద మోజు ఆడపిల్లలకే ఉందా? మగవాళ్ళ సంగతి కాస్త చూద్దాం.

2011లో ఫూజీ వాళ్ళ ఎక్స్100 అనే కెమెరా వచ్చింది. వెండి రంగు ఒళ్ళు, చుట్టూ నల్ల తోలులాంటి పట్టీ, అచ్చం తాతల కాలం కెమెరాలా ఉంటుంది. 2013లో నికాన్ డీఎఫ్ కూడా ఆ పాతకాలం వేషంలోనే వచ్చింది. వాటి రూపం చూసి ముచ్చటపడని మగవాడు లేడు. ఫూజీ ఎక్స్-టీ1 నలుపులో ఉండగానే, 2014లో దాన్నే గ్రాఫైట్ సిల్వర్ అనే పూతతో ఇంకాస్త ఎక్కువ ధరకి అమ్మారు. అంతకంటే విడ్డూరం లైకా వాళ్ళది. 2015లో 'కరెస్పాండెంట్' పేరుతో 125 సెట్లు తయారుచేశారు. కొత్త కెమెరా మీది నల్లరంగుని కావాలనే చేత్తో అరగదీసి, లోపలి ఇత్తడి బయటపడేట్టు చేసి మరీ అమ్మారు. మన ఇళ్ళలో కళాయి పోయిన గిన్నెని పాతసామాన్ల వాడికి వేస్తాం. వాళ్ళు దాన్నే లక్షలు పోసి కొనుక్కుంటారు. దానికి పేరు 'టేస్టు'. ఆడపిల్ల ఎరుపు అడిగితే మాత్రం 'షోకు'! రంగు మీద మక్కువ తప్పయితే ఇద్దరిదీ తప్పే. కాకపోతే ఎవరిదీ కాదు.

అసలు అన్యాయం ఈ వెక్కిరింతతో ఆగలేదు. రంగుతో పాటు లోపలి సరుకు కూడా తగ్గిస్తారు. 2011లో నికాన్ 1 పేరుతో రెండు చిన్న కెమెరాలు ఒకేసారి వచ్చాయి. జే1 నలుపు, తెలుపు, వెండి, ఎరుపు, గులాబీ రంగుల్లో దొరికేది. దాని పై మెట్టు వీ1 నలుపులోనూ తెలుపులోనూ మాత్రమే. తేడా ఏమిటయ్యా అంటే, కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ వీ1కి ఉంది, జే1కి లేదు. మే నెల ఎండలో ఆరుబయట నిలబడి వెనక తెర మీద జింకని వెతకండి, మీకే తెలుస్తుంది ఆ చిన్న కిటికీ విలువ. గులాబీ రంగు ముచ్చటపడ్డ పిల్లకి ఆ కిటికీ అక్కర్లేదని ఎవరు తేల్చారు? ఆ కంపెనీదే డీ3200 (2012) ఎరుపులో కూడా వచ్చింది. అది కొత్తగా నేర్చుకునేవాళ్ళ కెమెరా. ఇంకా పైన ఉండే డీ7100 (2013) నలుపే నలుపు. అంటే నేర్చుకునేటప్పుడు ఎరుపు, పని వచ్చాక నలుపు! పైకి ఎదగాలంటే ముందు రంగు వదులుకోవాలన్నమాట.

ఈ ఆలోచన పాతదే. 1928లో కొడాక్ కంపెనీ 'వానిటీ కొడాక్' అని ఆడవాళ్ళ కోసం ఐదు రంగుల్లో కెమెరాలు తెచ్చింది, ఒక్కో రంగుకీ ఒక్కో పిట్ట పేరు. 1930లో ఇంకో అడుగు ముందుకేసి 'కోకెట్' అనే సెట్ తెచ్చింది. అందులో కెమెరాకి జోడీగా లిప్‌స్టిక్, పౌడర్ డబ్బా. కెమెరాకి రంగు వేయడం ముచ్చటే. దాన్ని తీసుకెళ్ళి పౌడర్ డబ్బా పక్కన కూర్చోబెట్టడమే నాకు ఒళ్ళు మండే సంగతి.

అంతకు ముందే, 1892లో, మన హైదరాబాద్‌లోనే రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ళకని ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. ఆ కాలంలో కెమెరా అంటే చెక్కపెట్టె, ఇత్తడి బిగింపులు. మనలాంటి వేడి దేశాల కోసం టేకుతో చేసి, అతుకులు ఊడకుండా ఇత్తడితో బిగించి 'ట్రాపికల్' కెమెరాలని అమ్మేవారు. ఆ తళతళలాడే పసుపుపచ్చని ఇత్తడిని చూసి ఇది ఆడవాళ్ళ సరుకని ఎవరూ నవ్వలేదు.

నలుపుకి కారణం లేదని నేననను. అద్దంలోంచో, మెరిసే ఇత్తడి బిందెల ముందో ఫొటో తీస్తే ఎర్ర కెమెరా నీడ అందులో పడుతుంది, నల్లది అంతగా కనబడదు. నలుగురిలో ఎవరి కంటా పడకుండా తీయడానికీ నలుపే మేలు. క్యానన్ వాళ్ళ పెద్ద పెద్ద లెన్సులు తెల్లగా ఉండటానికీ కారణం ఉంది, ఎండకి వేడెక్కకుండా. ఇవి పనికి పుట్టిన రంగులు, ఒప్పుకుంటాను. కానీ జింక ముందు ఎర్ర కెమెరా పట్టుకోకూడదా, నల్లది పట్టుకోవాలా అన్నది తీసేవాళ్ళు తేల్చుకుంటారు. షాపతను కాదు.

"ఖరీదైనవి తక్కువ అమ్ముడవుతాయి, అన్ని రంగుల్లో ఎలా చేస్తారు?" అని వెంటనే ఒక లెక్క చెబుతారు. మరి మగవాళ్ళు ముచ్చటపడే వెండిరంగు ఆ ఖరీదైన వాటికే ఎలా వచ్చింది? 2009లో పెంటాక్స్ వాళ్ళు కే-ఎక్స్ అనే కెమెరాని జపాన్‌లో 20 ఒంటి రంగులు, 5 పట్టీ రంగులు కలిపి వంద రకాలుగా ఇచ్చారు. లోపల యంత్రం వందలోనూ ఒకటే. 2021లో నికాన్ జెడ్ఎఫ్‌సీకి గులాబీ, లేత ఆకుపచ్చ లాంటి తొడుగులు వేశారు. అందులోనూ లోపల ఒక్క మరా తగ్గలేదు. చేయాలనుకుంటే చేయొచ్చన్నమాట.

ఇక పూత సంగతి. దీని గురించి షాపులో ఎవరూ నోరు విప్పరు, వాడే మనకే తెలియాలి. తెల్ల కెమెరా అద్దాల బీరువాలో చూడముచ్చటగానే ఉంటుంది. పెళ్ళింట్లో పసుపు చేతులతో ఒక్కసారి పట్టుకుంటే ఆ మరక వదలదు. మరీ నున్నగా మెరిసేది చెమట చేతిలో జారుతుంది. మెత్తటి రబ్బరు పట్టు చేతికి హాయిగా ఉంటుంది, కానీ మన వానాకాలపు ఉక్కలో బీరువాలో ఏళ్ళ తరబడి పడుంటే జిగటగా తయారవుతుంది. తోలులాంటి అట్ట మూలల దగ్గర లేస్తుందేమో గోటితో తడిమి చూడండి. బ్యాటరీ మూత తెరిచి అంచు చూడండి. లోపలా అదే రంగుంటే ప్లాస్టిక్‌లోనే కలిపిన రంగు, గీత పడినా అంతగా తెలియదు. లోపల వేరే రంగుంటే పైన పూసింది, గీరుకుంటే బయటపడుతుంది. చీర కొంగు తిరగేసి చూసి రంగు దిగుతుందేమో పసిగట్టే మనకి ఇది ఓ లెక్కా?

అందుకే ఆడపిల్లల్ని కెమెరా కొనడానికి తీసుకెళ్ళేటప్పుడు రెండు ప్రశ్నలు నేర్పి తీసుకెళ్ళండి, వరుస తప్పకుండా. మొదటిది, "నేను తీయాలనుకున్న ఫొటోకి ఇందులో ఏముంది, ఏం లేదు?" పై పటారం లోన లొటారం సరుకు ఇక్కడే తేలిపోతుంది. రెండోది, "ఇదే కెమెరా ఏయే రంగుల్లో వస్తుంది?" ఈ రెండోది గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ అడగాల్సింది కాదు. సొంత డబ్బుతో కొని, పదేళ్ళు మెడలో వేసుకుని తిరగబోయే వస్తువు. నచ్చిన రంగులో కావాలనడం మామూలు సంగతి. ఆ రంగు రాదంటే, "కంపెనీ వాళ్ళకి చెప్పండి, ఒకరు అడిగారని" అనండి. అడిగేవాళ్ళు లేరన్న వంకతోనే కదా ఇన్నాళ్ళూ నడిపించారు.

రంగు అడిగినందుకు ఎవరైనా నవ్వితే, పర్సు మూసేసి బయటికి వచ్చేయండి. మెట్రో ఎక్కితే కోఠీ ఎంతో దూరం లేదు.